నలభై మిషన్ల తాడు

పొద్దున్నే సర్వర్ గది తలుపు తెరిచాక భ్రమరాంబిక ఒక్క నిమిషం కదలకుండా నిలబడేది. లోపల ఫ్యాన్లు తిరుగుతూ ఉండేవి. ఎక్కడా తెగని, ఎక్కడా హెచ్చని ఒకే చప్పుడు. ఎండాకాలంలో కొండచరియ కింద నిలబడితే తలమీద ఎక్కడో తేనెపట్టు ఉందని చెప్పే చప్పుడూ అదే. పట్టు నిండుగా ఉందో, ఈగలు బెదిరి ఉన్నాయో తలెత్తి చూడకుండానే చెప్పేవాడు ఆమె తండ్రి దాసరయ్య. సర్వర్ ఒంట్లో బాగుందో లేదో తెర వెలిగించకుండానే చెప్పగలిగేది ఆమె. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. వినడం కూడా ఒక చదువేనని అప్పటికి ఆమెకు తోచలేదు.

అది రెండువేల ఎనిమిది ఏప్రిల్. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు మీద, ఊరు దాటాక వరిమళ్ల మధ్యన ఒక ఇంజనీరింగు కాలేజీ. రెండో అంతస్తులో కంప్యూటర్ ల్యాబు. నలభై మిషన్లు, ఒక సర్వరు. తూర్పు కిటికీ తెరిస్తే నల్లమల కనిపిస్తుంది. పొద్దున నీలంగా, మధ్యాహ్నం బూడిదరంగులో, సాయంత్రం మళ్లీ నీలంగా. ఆ కొండల్లోనే, ఆళ్లగడ్డ మీదుగా రుద్రవరం పోయి, బస్సు ఆగిపోయినచోట దిగి రెండు గంటలు నడిస్తే, పదిహేను గుడిసెల చెంచు గూడెం, వాళ్ల మాటలో పెంట, ఒకటి ఉంది. భ్రమరాంబిక అక్కడ పుట్టింది. కిటికీ దగ్గరికి పోయినప్పుడల్లా ఆ నీలంలో తమ గుడిసె ఎటువైపు ఉంటుందో వేలు పెట్టి చూపించగలదు. ఎవరూ అడగలేదు కాబట్టి చూపించలేదు.

ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా, నంద్యాలలో పాలిటెక్నిక్ డిప్లొమా. ఆ మూడేళ్లూ హాస్టల్లో ఉంటూ, సాయంత్రాలు సంజీవనగర్ గేటు దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పోయేది. దాన్ని నడిపిన యేసుదాసుది గడివేముల. తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను, ఆదివారం చర్చిలో గట్టి గొంతు. ఊళ్లోకి కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లు ఒక్కొక్కటీ దుమ్ము పట్టిపోతుంటే, ఆయన బాధపడుతూ కూర్చోలేదు. తానే కంప్యూటర్ నేర్చుకుని ఈ కాలేజీలో ల్యాబు ఇన్‌చార్జిగా చేరాడు. అసిస్టెంటు కావాలని కాలేజీవాళ్లు అడిగితే, "నా దగ్గర ఒక పిల్ల ఉండాది సార్. పేజీ కొడితే ఎర్ర పెన్నుకు పనుండదు," అని భ్రమరాంబికను పిలుచుకొచ్చాడు.

టెంపరరీ ఉద్యోగమే. కానీ చేరిన రెండేళ్లలో ఆమె ఆ ల్యాబులో ఒక మంచి పని చేసింది.

ల్యాబు మిషన్లను నడిపేది లినక్స్. అందులో ప్రతి పనికీ ఒక ప్యాకేజీ ఉంటుంది. లెక్కలకొకటి, అక్షరాలకొకటి, డేటాబేస్‌కొకటి. వాటిలో లోపాలు బయటపడిన కొద్దీ, వాటిని తయారుచేసేవాళ్లు సరిదిద్ది కొత్తవి పంపుతుంటారు. అవన్నీ నెట్‌లో రిపాజిటరీ అనే చోట పోగుపడి ఉంటాయి. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు భ్రమరాంబికకు తమ తేనె, కుంకుడుకాయలు, జిగురు తీసుకునే గిరిజన సహకార డిపో గుర్తొచ్చింది. అప్పటినుంచి ఆమె మనసులో అది డిపోనే. కాలేజీకి ఉన్న నెట్ కనెక్షన్ సన్నటి ధార. నలభై మిషన్లూ ఒకేసారి ఆ దూరపు డిపోకు పరుగెత్తితే ఒక్కటీ ఇల్లు చేరేది కాదు. అందుకని ఆమె సర్వర్‌లోనే ఒక డిపో పెట్టింది. కొత్తవి ఒక్కసారే సర్వర్‌కు దిగుతాయి. శనివారం మధ్యాహ్నం క్లాసులు అయిపోయాక నలభై మిషన్లూ వరసగా దాని దగ్గరికే వచ్చి తమకు కావలసినవి తీసుకుంటాయి. పాతవాటిని కూడా ఆమె పారేసేది కాదు. తేదీ పెట్టి ఒక పక్కన దాచేది.

ఒకటే ఇబ్బంది. సర్వర్‌లో ఏది మార్చాలన్నా రూట్ పాస్‌వర్డ్ కావాలి. అది యేసుదాసుకు తెలుసు. ఇంకొక కాపీ ఒక కవర్లో లక్కముద్ర వేసి, హెచ్‌ఓడీ కమలాక్షమ్మ మేడం బీరువాలో ఉంది. భ్రమరాంబిక "సార్" అని పిలిస్తే యేసుదాసు వచ్చి, ఎడమ మోచేతిని గోడలా అడ్డం పెట్టి పాస్‌వర్డ్ కొట్టి, "కానియ్యి పాపా," అని టీకి పోయేవాడు.

ఆ మేలో యేసుదాసు రిటైరవుతున్నాడు. ఆయన తరవాత ల్యాబు ఎవరి చేతిలో పెట్టాలన్నది కాలేజీలో ఇంకా తేలలేదు. కర్నూలులోని ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చేద్దామని కరస్పాండెంట్ అభిప్రాయం. కంపెనీ వస్తే వాళ్ల మనిషే వస్తాడు, అసిస్టెంటుతో పనిలేదు. "ఆ అమ్మాయి చేస్తుంది," అని కమలాక్షమ్మ మేడం పట్టు. చివరికి ఒక మాటకు వచ్చారు. ఫైనలియర్ ప్రాక్టికల్స్ గురువారం. యూనివర్సిటీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తాడు. ఆ రోజు ల్యాబు ఎలా నడుస్తుందో చూసి తేలుద్దాం.

ప్రాక్టికల్స్‌కు పదిరోజుల ముందు మేడం ఒక కొత్త పని చెప్పింది. పాఠాల వీడియోలు మిషన్లలో ఆడాలి. వాటిని ఆడించే ప్యాకేజీలు అసలు డిపోలో లేవు. బయట ఇంకెవరో మంచి మనసుతో నడిపే వేరే డిపోలో ఉన్నాయి. అక్కడ డేటాబేస్ లాంటి మామూలు సామాన్లు కూడా ఉన్నాయి, ఇంకా కొత్త రకాలవి.

"రెండు డిపోలూ కలిపేస్తే ఏ సామాను యాడిదో ఎట్ల తెలుస్తాది సార్?" అంది భ్రమరాంబిక.

"దానికి ప్రయారిటీ అని ఉండాదంట కదా. అంకెలేయాలంట. పుస్తకంలో చదివినా, మర్చిపోయినా." యేసుదాసు మోచెయ్యి అడ్డంపెట్టి పాస్‌వర్డ్ కొట్టాడు. "నువ్వే చూసి ఏసెయ్. నువ్వేస్తే నేనేసినట్లే."

ఆమె వేసింది. అసలు డిపోకు తొంభై. బయటి డిపోకు పది. ఆశ్రమ పాఠశాల ప్రోగ్రెస్ కార్డు నుంచి పాలిటెక్నిక్ మార్కుల లిస్టు దాకా, ఆమె బతుకులో తొంభై అంటే తలెత్తుకునే అంకె. పది అంటే తల దించుకునే అంకె. అందులో ఆలోచించడానికి ఏముంది?

వీడియోలు ఆడాయి. మేడం వచ్చి చూసి, ముఖం మీద నవ్వు కనపడనీయకుండా, "ఊఁ," అని పోయింది. ఆ ఒక్క అక్షరాన్ని భ్రమరాంబిక ఆ వారమంతా గుర్తు చేసుకుంది. శనివారం మధ్యాహ్నం మామూలుగానే మిషన్లను అప్‌డేట్‌కు పెట్టింది. ఇరవైయ్యారు మిషన్లు అయ్యేసరికి కరెంటు పోయింది. మిగతావి తరవాత చూద్దామని తాళం వేసింది.

సోమవారం పొద్దున పిల్లలు మోడల్ ప్రాక్టికల్‌కు వచ్చారు. ఇరవైయ్యారు మిషన్లలో డేటాబేస్ లేవలేదు. పద్నాలుగింటిలో లేచింది.

సర్వర్ గదిలో చప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆ చప్పుడు తనకు అబద్ధం చెప్పిందేమోనని భ్రమరాంబికకు మొదటిసారి భయం వేసింది. తరవాత అర్థమైంది, పట్టు బాగానే ఉంది. చెడింది ఈగలు తెచ్చుకున్న సరుకు.

పిల్లలను పంపించేసి యేసుదాసు తలుపు దగ్గరగా వేశాడు. "వైరస్ అని చెప్దాం పాపా."

"లినక్స్‌కు వైరస్ రాదని మీరే గదా సార్ పిల్లోళ్లకు చెప్తాంటిరి."

"అవును." ఆయన ఎర్ర పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "అయితే బయటి డిపో మీద ఏసెయ్. వాళ్లు ఏ దేశంలో ఉండారో, అడిగేదానికి ఎవురు పోతారు? అన్నీ తీసేసి సీడీలతో మొదట్నుంచి ఎక్కిద్దాం. గురువారం దాంకా టైముంది."

ఆమె ప్రయారిటీ గురించి రాసిన పేజీని తెర మీద తెరిచింది. ఈసారి ఒక్కొక్క మాటా, ఎర్ర పెన్ను పట్టుకున్నట్టు చదివింది. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయింది. ఒకటి అన్నిటికన్నా పైది. తొంభైతొమ్మిది అన్నిటికన్నా కిందిది. ఒకే ప్యాకేజీ రెండు డిపోల్లో ఉంటే, పైనున్న డిపోలోది మాత్రమే మిషన్‌కు కనిపిస్తుంది. కిందిది ఎంత కొత్తదైనా, ఎంత మంచిదైనా కనపడదు.

అవి మార్కులు కావు. ర్యాంకులు.

నంద్యాల బస్టాండు ఎదురుగా కోచింగ్ సెంటర్ల బోర్డులు ఆమె కళ్ల ముందు నిలిచాయి. ఒక్కో పిల్లవాడి ముఖం పక్కన ఒక్కో అంకె, ఒకటి అయితే అందరికంటే పెద్దగా, పసుపురంగులో. ఐదేళ్లుగా రోజూ వాటి కిందనే బస్సెక్కుతోంది. ఊరు ఊరంతా గోడలెక్కి చెబుతున్న సంగతే. తాను అసలు డిపోను తొంభయ్యో మెట్టుకు తోసేసి, బయటి డిపోను పైన కూర్చోబెట్టింది. మిషన్లు చెప్పినట్టే విని, బయటి కొత్త డేటాబేస్‌ను తెచ్చుకున్నాయి. దానికి పాత పట్టికలు పొసగలేదు.

మధ్యాహ్నం గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ కబురు పంపాడు. దాసరయ్య వచ్చాడు, తోడు ఆమె మేనమామ నరసింహ. కొత్త తేనె దిగితే మొదటి సీసా కూతురికి ఇచ్చిపోవడం దాసరయ్యకు అలవాటు. ఎన్నిసార్లు రమ్మన్నా ల్యాబులోకి రాడు. "ఆడ నాకేం పని," అంటాడు. గేటు పక్కన వేపచెట్టు నీడలో గొంతుకూర్చుని ఉన్నాడు. భుజం మీద తువ్వాలు, ముంజేతుల మీద ఈగలు కుట్టిన పాత మచ్చలు.

"ఏందమ్మీ, మొగం అట్ల పెట్టుకున్యావ్? తిన్యావా?"

"తప్పు చేసినా నాయనా."

"ఎవున్నన్నా కొట్నావా?" అన్నాడు నరసింహ ఆశగా.

"కొట్టుంటే బాగుండు మామా." ఆమె వాళ్ల ముందు కూర్చుంది. ఎలా చెప్పాలో తెలియక, తన మనసులో ఉన్నట్టే చెప్పింది. "రెండు డిపోలుండాయి. ఒకటి అసలుది. మిషన్లో ఉండే ప్రతి సామానూ ఆడి నుంచే వచ్చింది. ఇంకోటి బయటిది. ఆడ కొత్త రకాలు దొరుకుతాయి. ఒకే సామాను రెండు చోట్లా ఉంటే, యాడిది తెచ్చుకోవాల్నో మిషన్లకు నేను చెప్పాల. తిరగేసి చెప్పినా. ఇరవైయ్యారు మిషన్లు పడిపోయినాయి."

"బయటి డిపోవోళ్లు దొంగలా?"

"కాదు నాయనా. మంచోళ్లే. వాళ్ల సామాన్లూ మంచివే."

దాసరయ్య కొంచెంసేపు నేలమీద పుల్లతో గీశాడు. "నా తమ్ముడు గూడా మంచోడే," అన్నాడు. "బలమోడు. ఈ నరసింహగాడు వాని పక్కన నిలబడితే కంది కట్టె మాదిరుంటాడు."

"నా ముందరే అంటాండాడు, సూడు."

"నేను చరియ దిగేటప్పుడు తాడు ఎవురు పడ్తారమ్మీ?"

"మామ."

"తమ్ముణ్ణి పెట్టుకోకుండా ఈన్ని యాల పెట్టుకుంటాండా?"

భ్రమరాంబికకు ఆచారం తెలుసు. తేనెకు చరియ దిగేవాడి తాడు పైన పట్టుకునేది పెండ్లాం తోడబుట్టినవాడే. పుట్టినప్పటినుంచీ చూస్తోంది. ఎందుకని ఎన్నడూ అడగలేదు.

"తాడు జారితే తమ్మునికి అన్న పోతాడు," అన్నాడు దాసరయ్య. "ఏడుస్తాడు. నాలుగు దినాలకు లేస్తాడు. ఈనికి అట్ల కాదు. ఈని అక్క బతుకు పోతాది. మీరు ముగ్గురు పిల్లోళ్లు ఈని గుడిసెకే వస్తారు, ఈని గంజే తాగుతారు. ఆ సంగతి ఈనికి తెలుసు. అందుకే తాడు పట్టినాడంటే బీడీ ముట్టడు, మాట్లాడడు, పక్కకు సూడడు."

"ఒగసారి తుమ్మినా," అన్నాడు నరసింహ నిజాయితీగా.

"తుమ్మినాడు. చెయ్యి మాత్రం ఇడవలా."

వేపపూత రాలి ఆమె ఒళ్లో పడుతోంది. అసలు డిపోవాళ్లను ఆమె ఎన్నడూ చూడలేదు, చూడబోదు. కానీ ఏ ఒక్క ప్యాకేజీ చెడినా మిషన్ మొత్తం కూలేది వాళ్ల పేరు మీదనే. రాత్రింబవళ్లు దాన్ని అతుకుతూ, సరిదిద్దుతూ ఉండేది వాళ్లే. బయటి డిపో మంచి చిన్నాయన లాంటిది. పిలిస్తే వస్తాడు, లేనిది తెచ్చిస్తాడు. తాడు మాత్రం ఆయన చేతికి ఇవ్వకూడదు.

"తప్పు చేసింది నువ్వేనని పైవాళ్లకు చెప్తివా?" దాసరయ్య లేస్తూ అడిగాడు.

"ఇంకా చెప్పలా. చెప్తే ల్యాబు నాకియ్యరు నాయనా. కర్నూలోళ్లు వస్తారు."

"పైనుండేటోనికి చెయ్యి జారితే కేకేయాల. కేకేస్తే కిందుండేటోడు రాయో కొమ్మో పట్టుకుంటాడు. నాకేల అని మూగగా ఉంటే వాడు పోతాడు." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "పోయి కేకెయ్ పో. బేగా పో."

కమలాక్షమ్మ మేడం గదిలో ఆమె ఒక్కతే లేదు. కరస్పాండెంట్ పంపిన కర్నూలు కంపెనీ మనిషి ఎదురు కుర్చీలో ఉన్నాడు. టక్కు చేసిన చొక్కా, ఒళ్లో ల్యాప్‌టాప్. ల్యాబు చూసిపోదామని వచ్చాడట. భ్రమరాంబిక కాళ్లు గుమ్మంలోనే వెనక్కి తిరగబోయాయి. తరవాత వస్తానని చెప్పవచ్చు. కానీ గేటు దగ్గర తండ్రి ఇంకా రోడ్డు దాటి ఉండడు.

"మేడం, ఇరవైయ్యారు మిషన్లలో డేటాబేస్ పడిపోయింది. బయటి డిపోది కాదు తప్పు. యేసుదాసు సార్‌ది కాదు. ప్రయారిటీ అంకెలు నేనే తిరగేసి వేసినా. మార్కులనుకున్నా. అవి ర్యాంకులు."

మేడం పెన్ను మూత పెట్టింది. కంపెనీ మనిషి చిన్నగా నవ్వాడు. "ఇట్లాంటివి అవుతుంటాయి మేడం. అన్నీ ఎగరగొట్టి లేటెస్ట్ వర్షన్ వేసేస్తే అయిపోతుంది. ఏది కొత్తదైతే అది పైన పెట్టాలి. దానికి ఆలోచనెందుకు?"

"నువ్వేమంటావు?" అంది మేడం భ్రమరాంబికతో.

"కొత్తది పైన పెట్టకూడదు మేడం. మిషన్ పడిపోతే ఎవరికి ఎక్కువ నష్టమో వాళ్లది పైన పెట్టాలి." గుమ్మాన్ని పట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. "మా నాయన తేనెకు దిగితే తాడు మా మామ పడతాడు. మా చిన్నాయన ఇంకా బలమైనోడు, కానీ తాడు జారితే మేమంతా మా మామ గుడిసెకే పోతాం. అందుకని ఆయన ఇడవడు. అసలు డిపో అట్లాంటిది. దానికి ఒకటి వేస్తా. బయటిదానికి పది. అసలు డిపోలో లేనివి మాత్రమే బయటి నుంచి వస్తాయి. వీడియోలు ఆడతాయి, డేటాబేస్‌ను ఎవరూ ముట్టుకోరు."

మేడం కంపెనీ మనిషివైపు తిరిగింది. "గురువారం ఎక్స్‌టర్నల్ కూర్చుని ఉండగా మిషన్లు లేవకపోతే మీరు యాడుంటారప్పా?"

"ఫోన్ చేస్తే చాలు మేడం. మనిషిని పంపిస్తాం. రెండు గంటల్లో..."

"ఊఁ," అంది మేడం. తరవాత భ్రమరాంబికతో, "బుధవారం సాయంత్రం వచ్చి చూస్తా," అంది. తిట్టలేదు. కుర్చీలోంచి లేవలేదు. మళ్లీ పెన్ను మూత తీసి రాసుకోవడం మొదలుపెట్టింది.

బయట వరండాలో యేసుదాసు నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. "నా మీద ఎందుకు ఏయలేదు పాపా? నువ్వేస్తే నేనేసినట్లే అంటి గదా."

"మీరు టీకి పోయింటిరి సార్."

ఆయన నవ్వాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉన్నాడు, అవి తుడవాల్సిన అవసరం లేకపోయినా.

వెంటనే పని మొదలైంది. ప్రతి ప్యాకేజీ పేరు చివర అది ఏ డిపోదో తెలిపే గుర్తు ఉంటుంది. ఆ గుర్తుతో వెతికితే బయటినుంచి వచ్చి అసలువాటి స్థానంలో కూర్చున్నవి ముప్పయ్యొకటి తేలాయి. వాటి పాత రూపాలన్నీ తేదీలతో సహా ఆమె డిపోలో భద్రంగా ఉన్నాయి. పారేయకుండా దాచినందుకు తన చేతులకే దండం పెట్టుకోవాలనిపించింది. అయినా తొందరపడలేదు. ముందు ప్రతి మిషన్లోనూ పిల్లల పట్టికలను, ప్రాజెక్టులను వేరేచోటికి తీసి దాచింది. తరవాత పదిహేడో నంబరు మిషన్ ఒక్కదాన్నే తీసుకుంది. కొత్తవాటిని దించి, పాతవాటిని ఎక్కించి, డేటాబేస్‌ను లేపింది. లేచింది. పట్టికలను తిరిగి పోసింది. నిలబడ్డాయి. దాన్ని ఒక పూటంతా ఊరికే నడిపి చూసింది. అప్పుడు మిగతా ఇరవయ్యయిదింటి జోలికి పోయింది.

యేసుదాసు పక్కన కుర్చీ వేసుకుని, లిస్టు చేతిలో పట్టుకుని, టైపు ఇన్‌స్టిట్యూట్ రోజుల గొంతుతో ఒక్కొక్క పేరే చదివాడు. గీత దగ్గర "గీత" అని, చుక్క దగ్గర "చుక్క" అని. ఆమె వేళ్లు ఆగకుండా నడిచాయి. ఒక్కో పేరు అయిపోయినప్పుడల్లా ఆయన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టాడు. ఆమె పని మీద ఆ పెన్ను ఇన్నిసార్లు పడడం అదే మొదలు.

బుధవారం మధ్యాహ్నానికి ఇరవైయ్యారూ లేచాయి. అప్పుడు ఆమె సర్వర్ ముందు కూర్చుంది. అసలు డిపోకు ఒకటి, బయటిదానికి పది. ఆ అంకెల పైన, మిషన్ పట్టించుకోని, మనుషులు మాత్రమే చదివే ఒక వాక్యం ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే రాసింది: ఇది ర్యాంకు, మార్కులు కాదు. తప్పు ఒకసారి జరిగింది. కింద తన పేరు పెట్టింది. తరవాత మిషన్లను డిపోకు పంపింది. తెర మీద ఒక వరస కదిలి ఆగింది. ప్రాధాన్యాన్ని బట్టి నాలుగువందల పన్నెండు ప్యాకేజీలను పక్కన పెట్టాం అని ఉంది.

నాలుగువందల పన్నెండు. అన్నీ కొత్తవే, అన్నీ మంచివే. అన్నీ గుమ్మం బయట మర్యాదగా నిలబడి ఉన్నాయి. బయటి డిపో నుంచి లోపలికి రావలసినవి వీడియోలు ఆడించేవి మాత్రమే. అవి అప్పటికే లోపల ఉన్నాయి. ఆమె ఆ వరసను రెండుసార్లు చదివింది. సాయంత్రం మేడం వచ్చి నలభై మిషన్ల మధ్యన ఒక చుట్టు తిరిగింది. ఏ మిషన్ దగ్గరా ఆగలేదు. సర్వర్ తెర మీద ఆ ఇంగ్లీషు అక్షరాల వాక్యం దగ్గర మాత్రం చాలాసేపు నిలబడింది.

గురువారం అరవైమంది పిల్లలు రెండు జట్లుగా ప్రాక్టికల్ రాశారు. ఎగ్జామినర్ పిల్లలను ప్రశ్నలడిగాడు, రికార్డు పుస్తకాల్లో సంతకాలు చేశాడు, మజ్జిగ తాగాడు. మిషన్ల గురించి ఒక్క మాట కూడా అనలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా భ్రమరాంబిక గోడకు ఆనుకుని నిలబడి ఆ మౌనాన్నే వింటూ ఉంది. ఎవరూ తన పేరెత్తి పిలవని ఒక రోజు ఇంత నిండుగా ఉంటుందని ఆమెకు తెలియదు.

ఆయన పోయాక మేడం బీరువా తెరిచి లక్కముద్ర కవరు తీసింది. దాన్ని మడిచి, చించి, చెత్తబుట్టలో వేసింది.

"కొత్త పాస్‌వర్డ్ నువ్వే పెట్టు. ఒకటి రాసి కవర్లో పెట్టి నాకియ్యి. ఇంకెవ్వరికీ చెప్పొద్దు."

"కరస్పాండెంట్ సార్..."

"ఆయనతో నేను మాట్లాడినా. ల్యాబు పడిపోతే కర్నూలోళ్లకు ఒక కాంట్రాక్టు పోతాది. నీకు బతుకే పోతాది. ఎవరికి ఎక్కువ నష్టమో వాళ్లను పైన పెట్టాలని ఆ దినం నా గుమ్మంలో నిలబడి నువ్వే చెప్తివి." కవరు, లక్క ఆమె చేతిలో పెట్టింది. "ఆర్డరు సోమవారం వస్తాది. పో, పని చూసుకో."

భ్రమరాంబిక సర్వర్ ముందు కూర్చుని, మొదటిసారి, ఎడమ మోచేతిని గోడలా అడ్డం పెట్టింది. గదిలో ఎవరూ లేరు. గుమ్మం దగ్గర నిలబడ్డ యేసుదాసు చూసి, "స్తోత్రం," అని, మెల్లగా తలుపు వేసి టీకి పోయాడు.

శనివారం దాసరయ్యను ఆమె వదల్లేదు. తేనె వేయడానికి వాళ్లు దిగే ఆళ్లగడ్డకు బస్సెక్కిపోయి, మామ నరసింహతో సహా పిలుచుకొచ్చింది. మెట్లెక్కి ల్యాబు గుమ్మంలో ఇద్దరూ ఆగిపోయారు.

"చెప్పులు యాడ ఇడవాల?" అన్నాడు దాసరయ్య.

"ఈడనే ఇడువు నాయనా."

సర్వర్ గది తలుపు తెరిచింది. చల్లగాలి ముఖాలకు తగిలింది. దాసరయ్య ఒక్క అడుగు లోపలికి వేసి నిలబడిపోయాడు. తెర వైపు చూడలేదు, దీపాల వైపు చూడలేదు. తల కొంచెం పక్కకు వంచి, కళ్లు మూసుకున్నాడు. చరియ అంచున నిలబడి దిగబోయే ముందు అలాగే వినేవాడు. భ్రమరాంబిక ఆయననే చూస్తోంది. రెండేళ్లుగా ఎవరికీ చెప్పుకోని సంగతి, చెప్పకుండానే ఆయన చెవికి అందింది.

"నిండు పట్టే," అన్నాడు దాసరయ్య కళ్లు తెరిచి. "ఈగలు నిమ్మళంగుండాయి. ఒగటి గూడా బెదర్లా." తరవాత కూతురి వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. పైనున్న మనిషి మీద భారమంతా వేసి, చరియ అంచు వదిలేముందు చూసే చూపు. "తాడు నీ చేతిలోనే ఉండాదా ఇప్పుడు?"

"ఉండాది నాయనా."

ఏసీ చలికి నరసింహ ముక్కు పైకి ఎగబీల్చి, అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఒరేయ్, ఈడ తుమ్మొద్దు," అన్నాడు దాసరయ్య గాభరాగా.

నరసింహ ఆపుకోలేక గట్టిగా తుమ్మాడు. ముక్కు తుడుచుకుని, మేనకోడలి వైపు చూసి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

"తుమ్మినా చెయ్యి ఇడవదులే బావా, మన పిల్ల."